మూడో పూత

2 ఫిబ్రవరి 1968

ఈ పుస్తకం క్రిస్మస్‌కు పాస్టరుగారు ఇచ్చారు, రోజుకు నాలుగు మాటలు రాసుకొమ్మని. నెల రోజులు ఖాళీగా ఉంచాను. ఈరోజు రాయక తప్పడం లేదు. మంచి మాట ఒకటి విన్నాను. ఎవరికైనా చెబితే చెడిపోతుందని భయం.

మా బొగ్గుబావిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ సదయ్య సార్ రామగుండం రోడ్డులో ఇల్లు కట్టుకుంటున్నాడు. లోపలి తలుపులు ఆరు, మంచి టేకువి. రంగు వేస్తే టేకు గీత కనపడకుండా పోతుందని ఆయన దిగులు. నేను మిషన్ బోర్డింగులో చదువుకునే రోజుల్లో వడ్రంగి షెడ్డులో తలుపులకు అవిసె నూనె పట్టించడం నేర్చుకున్నానని ఎవరో ఆయన చెవిన వేశారు. షిఫ్టు దిగి వస్తుంటే పిలిచాడు.

"సామేలూ, నెలాఖరుకు మేం ఇంట్ల చేరాలె. ఆరు తలుపులు మంచిగ చేసియ్యి. నిన్ను పైన వడ్రంగి షాపుకు మార్పిస్త. నాది జిమ్మా."

పైన! పైన అంటే భూమి మీద. ఎండలో, గాలిలో రంపం పట్టుకుని కూర్చోవడం. పన్నెండేళ్ళుగా నేను బావిలో పైకప్పుకు దుంగలు నిలబెడుతున్నాను. రెండేళ్ళ కిందట మంచమంత బండ నా మడమకు జానెడు దూరంలో పడింది. అప్పటినుంచి ఇంక్లైన్ వాలులో బావిలోకి దిగుతుంటే మోకాళ్ళు నావి కావు. నా భార్య సువార్తకు కీళ్ళనొప్పులని చెప్పాను. పాపం రోజూ నువ్వుల నూనెతో మర్దన చేస్తుంది.

పోయిన వానాకాలం ఇంకో ఘనకార్యం వెలగబెట్టాను. పైకప్పు చిటపటమంటే పడిపోతోందని కేకేశాను. నలభై మంది తట్టలు పారేసి పరుగెత్తారు, మూడు గంటలు పైన కూర్చున్నారు. పైనుంచి పెళ్ళ కూడా రాలలేదు. ఆ రోజు నుంచి నా పేరు ఉరుకుడు సామేలు. మా బామ్మర్ది రాజం ఒక్కడే ఆ పేరు పలకడు. ఎవడైనా పలికితే వాడితో తగువుకు దిగుతాడు. తల్లి లేని పిల్లవాడు, సువార్త చేతుల్లో పెరిగాడు. బావిలో పనికి నేనే పెట్టించాను.

సదయ్య సార్ పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "ఈ నెల దినాలు బాయిల లొల్లి చెయ్యకు. మళ్ల ఉరుకుడు వెట్టినవంటే నీ పేరు నా నోట రాదు." సరేనని తల ఊపాను.

3 ఫిబ్రవరి

షిఫ్టు దిగి స్నానం చేసి నేరుగా సార్ ఇంటికి పోయాను. మూడు తలుపులు బందులు విప్పి ఇటుకల మీద పడుకోబెట్టాను. గరుకు కాగితంతో గీత వెంట రుద్ది, దుమ్ము తుడిచి, సగం నూనె సగం టర్పెంటైన్ కలిపి పాత ధోవతి గుడ్డతో మొదటి పూత పట్టించాను. పావుగంట ఆగి, చెక్క తాగకుండా మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేయాలి. అసలు పనంతా ఆ తుడవడంలోనే ఉంది. తుడవకపోతే జిగురు పడుతుంది, ఏడాదైనా ఆరదు. పై అంచు, కింది అంచు కూడా మరిచిపోకూడదు. అవి ఎవరికీ కనపడవు గానీ, వానాకాలం తలుపు ఉబ్బేది అక్కడినుంచే.

సార్ భార్య అనసూర్యమ్మ దేవుడి అర్ర తలుపు దగ్గర కొంచెం తటపటాయించింది. నేను గ్రహించి, దానికి వేరే ఎవరిచేతనైనా నూనె పట్టించమన్నాను. "గట్లెందుకు సామేలన్నా, మంచిగ చేసేటోనివి నువ్వేనాయె" అని తానే దీపం తెచ్చి పెట్టింది.

ఆ రెండు గంటలు నాకు ఏ భయమూ లేదు. ఎన్నాళ్ళయిందో.

6 ఫిబ్రవరి

నిన్నటితో ఆరు తలుపులకూ మొదటి పూత అయిపోయింది.

ఈరోజు బావిలో పాత పని మూసిన ఇటుక గోడ దగ్గర దుంగ నిలబెడుతుంటే నూనె వాసన వచ్చింది. దుంగ వదిలి గోడకు దూరం జరిగాను. మూసేసిన చోట మిగిలిపోయిన బొగ్గు దానంతట అదే వేడెక్కుతుందని, మంట కంటే ముందు నూనెలాంటి వాసన వస్తుందని, దానితోపాటే కంటికి కనపడని విషపు గాలి వస్తుందని నేను చేరిన కొత్తలో మా సర్దార్ గట్టయ్య కాక చెప్పాడు. ఆయన జట్టును కాచుకునే మనిషి, ఊరికే చెప్పడు.

చేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అవిసె నూనె. హమ్మయ్య, నా చేతులే. నిన్న సాయంత్రమంతా నూనెలోనే ఉన్నాయి కదా.

7 ఫిబ్రవరి

కుంకుడుకాయ, ఇసుక, కిరోసిన్, మళ్ళీ సబ్బు. గోళ్ళ సందుల్లో పుల్ల పెట్టి గీకాను. సువార్త చూసి, "చేతులు కడుగుతున్నవా, తోలు ఒలుస్తున్నవా?" అంది. వాసన వస్తోందా అని అడిగితే సబ్బు వాసన వస్తోందట. ఆమెకు నూనె వాసన అలవాటైపోయింది, తెలియడం లేదు.

8 ఫిబ్రవరి

గోడ దగ్గర మళ్ళీ వచ్చింది. రాజం జట్టు ఆ పక్కనే బొగ్గు ఎత్తుతుంది. వాణ్ణి పిలిచి నా అరచేయి వాడి ముక్కు దగ్గర పెట్టాను.

"వాసనొస్తాందారా?"

"సబ్బు వాసనొస్తాంది. ఏంది బావా, అక్కకు తెల్వకుంట సెంటు గిట్ల రాస్తున్నవా?"

"నూనె వాసన?"

"నూనె లేదు, ఏం లేదు. ఇంతకూ మా అక్క సద్దిల శాపల కూర వెట్టింది, నీకు వెట్టిందా లేదా?"

నవ్వించాడు, వెధవ. వాడు రోజంతా తంబాకు నములుతాడు. జట్టులో అందరూ నములుతారు, బావిలో బీడీ ముట్టించకూడదు కాబట్టి. వాళ్ళ ముక్కులకు ఏం తెలుస్తుంది? నాకా అలవాటు లేదు.

రెండో పూత మొదలుపెట్టాను.

9 ఫిబ్రవరి

ఆ గోడ వైపు పోలేదు. అటు పని లేదు. పని ఉండి తప్పించుకున్నానని కాదు.

ఈ చలిలో ఆ గోడ దగ్గర వెచ్చగా ఉంటుందని రాజం జట్టు అక్కడే సద్దులు విప్పుతున్నారట. రాజమే చెప్పాడు.

11 ఫిబ్రవరి, ఆదివారం

గుడి నుంచి వస్తూ గట్టయ్య కాక ఇంటికి పోయాను. ఊరికే పోయినట్టు కూర్చుని, అటూ ఇటూ మాట్లాడి, ఆ నూనె వాసన సంగతి కదిపాను.

"కాకా, నువ్వెప్పుడన్న స్వయంగ చూసినవా?"

"ఒక్కసారి చూసిన. పడుసుతనంల. వేరే బాయిల. తొమ్మిది మందిని మోసినం." చిటికెడు నశ్యం లాగి, కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "ఎందుకడుగుతున్నవ్? మళ్ల ఏమన్న భయం వట్టుకున్నదా?"

"లేదు కాకా. ఊకెనే."

"నా ఎంబడి తిరిగి పని నేర్చినోనివి, నీకు చెప్తున్న. నాకిప్పుడు మల్లెపూవు వాసన గుడ తెలుస్తలేదు. ఈ నసం ముక్కును తినేసింది. ఎవనికన్న వాసనొస్తే నాకు చెప్పాలె. ఎంబడే చెప్పాలె."

ఆయన నా కళ్ళలోకి చూశాడు. నేను లేచి వచ్చేశాను. చెప్పడానికి ఏముంది? తలుపుల నూనె నా ఒంటికి పట్టింది, అంతే.

12 ఫిబ్రవరి

శనివారం రెండో పూత పూర్తయింది. అప్పటినుంచి నూనె ముట్టలేదు. బట్టలు రెండుసార్లు ఉతికించాను. రేపు గోడ దగ్గరికి పోతాను. వాసన రాకపోతే సంగతి తేలిపోతుంది.

14 ఫిబ్రవరి

నిన్న రాసిన కాగితం చింపి పొయ్యిలో వేశాను.

తలుపులకు ఇంకో పూత అవసరమనిపించింది. దేవుడి అర్ర తలుపు కొంచెం ఎండినట్టు కనపడింది. అందుకని నిన్న సాయంత్రమే పోయి అన్నిటికీ మూడో పూత పట్టించాను. అనసూర్యమ్మ, "రెండు సాలంటివి గదా అన్నా" అంది. టేకు కొత్తది, ఇంకా తాగుతుందన్నాను. చేతులు సరిగా కడుక్కోలేదు. చీకటి పడింది, నీళ్ళు చల్లగా ఉన్నాయి.

ఈరోజు గోడ దగ్గర వాసన వచ్చింది. రాదా మరి, నిన్ననే నూనె పట్టించాను.

15 ఫిబ్రవరి

నా చేతులే.

16 ఫిబ్రవరి

రాజం షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మూడు రోజుల నుంచి తలనొప్పట. ఈరోజు వాంతి కూడా చేసుకున్నాడు. సువార్త గోలగోల చేసింది.

"కల్లు తాగినవా?"

"లేదక్కా. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యకు, తాగుబోతోడా!"

నేనూ కోప్పడ్డాను. ఎంత కోప్పడ్డానంటే, సువార్తే నన్ను ఆపింది. కల్లు మానకపోతే పనిలోంచి తీయిస్తానని అరిచాను. వాడు తల ఎత్తి, "నేను తాగలే బావా" అన్నాడు మెల్లగా. కుర్రవాళ్ళు అట్లాగే అంటారు. తాగే ఉంటాడు. తాగి ఉండాలి.

17 ఫిబ్రవరి

సదయ్య సార్ చెప్పాడు, నా మార్పు కాగితం ఆఫీసుకు పోయిందట. మార్చి ఒకటి నుంచి పైన. ఇంక పన్నెండు రోజులు. నేను పైకి వచ్చాక రాజాన్ని కూడా ఎట్లాగో వేరే జట్టుకు మార్పించమని అడుగుతాను. నేను పైనుంటే అడగవచ్చు. ఇప్పుడు నోరు తెరిస్తే అందరూ నవ్వుతారు, కాగితం వెనక్కి వస్తుంది. మళ్ళీ పన్నెండేళ్ళు ఆ చీకట్లో. నావల్ల కాదు. ప్రభువా, నావల్ల కాదు.

18 ఫిబ్రవరి, ఆదివారం

రాజానికి తలనొప్పి లేదు. ఈరోజు బావికి సెలవు కదా. పీటలు చెక్కుతూ పాటలు పాడాడు. సువార్త సంబరపడి, "సూసినవా, తాగుడు బందు వెట్టిండు" అంది.

గుడిలో ప్రార్థనకు కళ్ళు మూసుకోలేదు.

19 ఫిబ్రవరి

రాజానికి మళ్ళీ తలనొప్పి.

నాలుగో పూత వేశాను. తుడవలేదు.

21 ఫిబ్రవరి

నిన్నటి సంగతి మొత్తం రాయాలి. ఏదీ దాచకుండా రాయాలి.

తలుపులు జిగురు పట్టాయి. అనసూర్యమ్మ వేలిముద్రలు, పిల్లల అరచేతులు, దుమ్ము, దోమలు అన్నీ వాటికి అంటుకున్నాయి. నెలాఖరుకు అవి బాగుపడకపోతే నా పని గోవిందా. అందుకే నిన్న లీవు పెట్టి తెల్లారేసరికి పోయాను. టర్పెంటైన్ గుడ్డతో జిగురు తీయడం మొదలుపెట్టాను. నూనె గుడ్డ ఎక్కడ పడితే అక్కడ పారేయకూడదు, ఒక్కచోట కుక్కాలని బావిలో నేర్పిన అలవాటు. జిగురు తీసిన ప్రతి గుడ్డనూ, పదిహేను రోజుల పాత గుడ్డలతోపాటే, సామాను గదిలో గోనెసంచిలో గట్టిగా అదిమాను.

పదకొండు గంటలకు అనసూర్యమ్మ వచ్చి, "సామేలన్నా, ఏదో మాడినట్టున్నది. పొయ్యిగుడ అంటుపెట్టలే" అంది.

సామాను గదిలోకి పోయాను. గడప దాటేసరికి ఆ వాసన. గోడ దగ్గరి వాసన. వేరే ఏదీ కాదు, అదే. గోనెసంచిలో చెయ్యి పెట్టాను. పైన వెచ్చగా ఉంది. ఇంకొంచెం లోపలికి పెడితే చురుక్కున కాలింది, చెయ్యి లాక్కున్నాను. నిప్పు వేసినవాళ్ళు లేరు, అగ్గిపుల్ల గీసినవాళ్ళు లేరు. సంచి ఈడ్చుకుంటూ పెరట్లోకి తెచ్చి విసిరాను. గాలి తగలగానే భగ్గుమంది.

దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నా చేతులు కావు. ఆరో తారీకు నుంచి నా చేతులు కావు. నాకు తెలుసు. పదమూడో తారీకునే తెలుసు. ఆ రోజు చేతులకు నూనె లేదు, అయినా వాసన రెండింతలు వచ్చింది. ఆ సంగతి రాసే కాగితం చింపాను. చింపి, మళ్ళీ చేతులకు నూనె పూసుకోవడానికే సార్ ఇంటికి పోయాను. టేకు ఎండలేదు, ఏమీ లేదు.

పరుగెత్తాను. మైలున్నర. దారిలో హోటల్ ముందు ఎవడో, "ఉరుకుడు సామేలు ఉరుకుతుండురో!" అన్నాడు. నవ్వులు వినిపించాయి.

దీపాల గదిలో పనికి నాగా పెట్టినవాడికి దీపం ఇవ్వనన్నారు. రాజం అక్కకు ప్రాణం మీదికి వచ్చింది, వాణ్ణి తీసుకుపోవాలని అబద్ధం చెప్పి దీపం తీసుకున్నాను. అక్కడ కూడా నిజం నోటికి రాలేదు.

మోకాళ్ళు వణికాయి. వణుకుతూనే దిగాయి.

గోడ దగ్గర అప్పటికే సద్దులు తినడం అయిపోయింది. జట్టు పనిలోకి లేచింది. రాజం ఒక్కడే గోడకు తల ఆనించి పడుకుని ఉన్నాడు. గట్టయ్య కాక, "పండనియ్యి, తలకాయ నొస్తాందట" అన్నాడు. దీపం వాడి మొహం మీద వేశాను. విషపు గాలి పట్టిన మొహం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. ఎప్పుడూ అంత ఆరోగ్యంగా కనపడలేదు. కుదిపాను. లేవలేదు. చెంపల మీద కొట్టాను. లేవలేదు.

"కాకా! గోడ వెనుక కాలుతాంది! అందరిని పైకి తోలు!"

తట్టలు పట్టుకున్నవాళ్ళు ఆగి చూశారు. ఒకడు కిసుక్కున నవ్వాడు.

"మళ్ల షురూ చేసినవా సామేలూ?" అన్నాడు కాక.

నేను ఆయన చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చి అరచేయి గోడ మీద పెట్టాను. ఆయన చెయ్యి తీయలేదు. ఇంకో చెయ్యి కూడా తానే పెట్టాడు. "ఓరి నాయ్నో" అన్నాడు. తర్వాత ఆ ముసలాయన పెట్టిన కేక బావి అంతా వినిపించి ఉంటుంది. "లెవ్వుండ్రి! అన్నీ ఇడిచి పైకి నడువుండ్రి! జల్ది!"

సదయ్య సార్ విషపు గాలిని మనిషి కంటే ముందు పసిగట్టే పిట్టను పంజరంలో పట్టుకుని వచ్చాడు. గోడ మూలలో సన్నని పగులు ఉంది. పంజరం అక్కడ పెట్టగానే పిట్ట అటూ ఇటూ ఊగి కింద పడింది. ఆయన నా భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు. నలభై ఒక్క మంది పైకి వచ్చారు. రాజం కాళ్ళు నేను పట్టుకున్నాను, తల గట్టయ్య కాక పట్టుకున్నాడు. దారి పొడుగునా వాడి కాళ్ళు నా చేతుల్లో ఊగుతూనే ఉన్నాయి.

పైకి వచ్చాక సార్ అందరి ముందూ అడిగాడు. "వాసన ఎప్పటిసందొస్తాంది సామేలూ?"

అప్పుడు చెప్పవలసింది.

"నిన్నటిసంది సార్. షిఫ్టు దిగేటప్పుడు అనుమానమొచ్చింది. పొద్దుగాల మనసున వడక ఉరికొచ్చిన."

ఆరు నుంచి ఇరవై. పద్నాలుగు రోజులు. ఇక్కడైనా రాయాలి.

22 ఫిబ్రవరి

రాజం కళ్ళు తెరిచాడు. డాక్టరుగారు బతుకుతాడన్నారు. సువార్త దవాఖాన వరండాలోనే మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకే కారణానికి ఏడ్చామని ఆమె అనుకుంది.

24 ఫిబ్రవరి

బావిలో ఆ గోడకు బయట ఇంకో మందపాటి గోడ కట్టారు. బజారులో ఇప్పుడు నా పేరు మారింది. ముక్కు సామేలు. హోటల్లో నా చాయకు డబ్బులు తీసుకోలేదు. నిన్న శుక్రవారం కూటంలో సువార్త గుడిలో లేచి సాక్ష్యం చెప్పింది, నలభై ఒక్క ప్రాణాలు తన భర్త చేత దేవుడు కాపాడాడని. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం దవాఖానలో సువార్త నీళ్ళకు బయటికి పోయినప్పుడు రాజం నా వైపు తిరిగాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, గ్లాసు పట్టుకోలేడు.

"బావా, ఆ దినం నీ చెయ్యి నా ముక్కు కాడ వెట్టి వాసనొస్తాందా అని అడిగినవ్. ఎన్ని దినాలైంది?"

"నాకు యాదికి లేదురా."

"నాకున్నది. అక్క శాపల కూర వెట్టిన దినం. బేస్తవారం." వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పది దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఏదో ఒకటి అంటానని ఎదురుచూసి ఉంటాడు. నేను వాడి దుప్పటి సర్దాను.

సువార్త చెంబుతో వస్తుంటే మెల్లగా అన్నాడు. "అక్కకు చెప్పకు. తట్టుకోదు."

26 ఫిబ్రవరి

మేనేజరు దొర పిలిపించాడు. ఆఫీసు ముందు రెండు షిఫ్టుల వాళ్ళు నిలబడ్డారు. ఒక్క రోజులోనే పసిగట్టిన ముక్కు వెయ్యిలో ఒకరికి ఉండదన్నాడు. అటువంటి మనిషిని పైన రంపపు పొట్టులో కూర్చోబెట్టడం దండగ అన్నాడు. వడ్రంగి షాపు కాగితం రద్దు చేశారు. ఇకమీదట ప్రతి షిఫ్టు మొదట్లో మూసిన గోడలన్నీ నేనే తిరిగి వాసన చూడాలి. పదకొండు గోడలు. జట్లు దిగక ముందే, ఒక్కణ్ణే.

అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు భయం, నేను పోలేనని చెప్పవచ్చు. లేదా, ఒక్క రోజులో కాదు, పద్నాలుగు రోజులు దాచానని చెప్పవచ్చు. రెండూ నాలుక దాకా వచ్చాయి. "సరే దొరా" అన్నాను.

ఇంటికి వచ్చాక సువార్త మోకాళ్ళకు నూనె రాస్తుంటే వద్దన్నాను.

29 ఫిబ్రవరి

సార్ తలుపులు గాజు పెంకుతో గీకుతున్నాను. నాలుగు పూతలూ రావాలి. గీకిన చోట గరుకు కాగితం పట్టి, నూనె పల్చగా పట్టించి, పావుగంట ఆగి, శుభ్రంగా తుడిచాను. గుడ్డలు నీళ్ళ బకెట్లో వేశాను.

సదయ్య సార్ వచ్చి గీకని తలుపు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి అంటుకుంటే చిన్న చప్పుడుతో లాక్కున్నాడు.

"ఇన్ని పూతలు ఎందుకేసినవ్?"

"టేకు తాగుతుంటే పోసుకుంట పోయిన సార్."

"అనసూర్య చెప్పింది, పదమూడో తారీకు మూడోసారి పూసినవట. తుడువకుంటనే పోయినవట. పని తెలిసినోనివి గిట్ల ఎందుకు చేసినవా అనుకున్న." చేతి జిగురు కండువాకు తుడుచుకున్నాడు. నేను పెంకు పట్టుకుని గీకుతూనే ఉన్నాను. ఆయన ముప్ఫై ఏళ్ళ బావి మనిషి, ఆ నూనె ఎందుకో లెక్క అందే ఉంటుంది. లొల్లి చేయవద్దన్నది కూడా ఆయనే. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయాడు.

1 మార్చి

ఒక్కణ్ణే పదకొండు గోడలు. ఏడో గోడ దగ్గర వాంతి వచ్చింది. వాసనకు కాదు.

రిపోర్టు పుస్తకంలో రాశాను: ఏ వాసనా లేదు.

2 మార్చి

ఏ వాసనా లేదు.

4 మార్చి

రాజం డ్యూటీకి వచ్చాడు. ఇంకో వారం ఆగమంటే వినలేదు. పొద్దున ఇంక్లైన్ దగ్గర వాణ్ణి చూసి జట్టంతా గోల చేశారు. కొత్తగా చేరిన ఎల్లన్న అనే కుర్రవాడు లోపలికి దిగడానికి జంకుతున్నాడు. రాజం వాడి వీపు మీద చరిచాడు.

"మా బావ గోడలన్నీ తిరిగొచ్చిండు గదరా. ఆయన ముక్కుండంగ నీకేం ఫికర్? నడువ్."

అందరూ నా వైపు చూసి నవ్వారు, మంచి నవ్వు. రాజం కూడా నవ్వాడు. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

సద్దుల వేళ వాళ్ళు ఇప్పుడు ఇంకో చోట కూర్చుంటున్నారు, తొమ్మిదో గోడ పక్కన. నేను పక్క గల్లీలో దుంగ చూసుకుంటూ ఉన్నాను. వాళ్ళ దీపాలు కనపడుతున్నాయి. అందరూ గిన్నెలు విప్పారు. రాజం కూర్చోలేదు. ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి నడిచి, ఎవరూ చూడని చోట గోడ మీద అరచేయి పెట్టాడు. తంబాకు ఉమ్మేసి, నోరు పుక్కిలించి, గోడకు ముక్కు ఆనించి గాలి పీల్చాడు. మళ్ళీ ఇంకో చోట పెట్టాడు. నేను పొద్దున చూసిన గోడే, నేను ఏమీ లేదని రాసిన గోడే.

కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. నా ముక్కు మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. నా నోటి మీదే. అది వాడికీ తెలుసు. సార్‌ది అనుమానమే, ఇన్ని వందల మందిలో ఖాయంగా తెలిసింది వాడొక్కడికే. తెలిసి కూడా అందరిముందూ నన్ను పొగిడి, చాటుగా పోయి తన ప్రాణం తాను చూసుకుంటున్నాడు. రేపూ చూసుకుంటాడు. నేనున్నన్నాళ్ళూ చూసుకుంటాడు.

గోడ చల్లగా ఉందని నాకు తెలుసు. అయినా వాడు చెయ్యి తీసి, వెళ్ళి జట్టులో కూర్చునేదాకా నేను సద్ది మూట విప్పలేదు.